గాలాపగోస్ ప్లాన్: పడవా, హోటలా? ఏ ద్వీపాలు? నాన్నగారి మోకాళ్ల సంగతేంటి?

శ్రావణి_ఎడిసన్

అందరికీ నమస్కారం. ఈ వేదిక చాలాకాలంగా చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

జూన్ చివర్లో మా బాబుకి సెలవులు. వాడికి తొమ్మిదేళ్లు, తాబేళ్ల పిచ్చి. డిస్నీ వద్దంటాడు, పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్ దేశానికి చెందిన గాలాపగోస్ ద్వీపాలకి తీసుకెళ్లమంటాడు. మా నాన్నగారు ఏలూరు నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకి 67, మోకాళ్ల నొప్పులు. ఇంట్లో వదిలి వెళ్లలేం. మొత్తం నలుగురం, ఎనిమిది రోజులు.

నా సందేహాలు: క్రూజ్ తీసుకోవాలా, హోటల్లో ఉండి రోజూ తిరగాలా? ఎన్ని ద్వీపాలు చూడొచ్చు? నాన్నగారు శాకాహారి, అక్కడ ఏం దొరుకుతుంది? గూగుల్‌లో వెతికితే అన్నీ ఏజెన్సీల పేజీలే వస్తున్నాయి, చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఖర్చుల_చిట్టా

శ్రావణి గారూ, నిరుడు అక్టోబరులో వెళ్లొచ్చాం, డల్లాస్ నుంచి. నా పేరుకి తగ్గట్టు ముందు డబ్బుల సంగతి.

నేషనల్ పార్క్ ప్రవేశ రుసుము విదేశీయులకి 200 డాలర్లు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి 100. 2024 ఆగస్టు 1 దాకా ఇందులో సగమే ఉండేది. ఇది కాక ఈక్వడార్ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కేముందే ట్రాన్సిట్ కార్డు తీసుకోవాలి. మేం వెళ్లినప్పుడు మనిషికి 20. ఇజబెలా ద్వీపం జెట్టీలో దిగగానే ఇంకో 10. కార్డులు నమ్ముకోకండి, చిల్లర నోట్లు పట్టుకెళ్లండి. ఈక్వడార్ కరెన్సీ కూడా అమెరికా డాలరే కాబట్టి మార్చుకునే బాధ లేదు.

క్రూజ్ అయితే మనిషికి వేలల్లో అవుతుంది. పెద్ద ఓడలు అనుకోకండి, అక్కడ ఏ ఓడలోనూ వంద మందికి మించి ఎక్కనివ్వరు, ఎక్కువ పడవలు పదహారు మందివే. రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే కొత్త ద్వీపం. దూరపు ద్వీపాలు చూడాలంటే అదే దారి. మేం మాత్రం హోటల్లోనే ఉన్నాం, సాంతా క్రూజ్‌లో నాలుగు రాత్రులు, ఇజబెలాలో మూడు.

ఇక అసలు విషయం. ద్వీపం నుంచి ద్వీపానికి వెళ్లే స్పీడ్‌బోటు రెండు గంటలు పడుతుంది. చిన్న పడవ, మూడు ఇంజన్లు. అలల మీద ఎగిరి దబ్బున పడుతుంది, ఎగిరి దబ్బున పడుతుంది. మా ఆవిడ మొదటి ఇరవై నిమిషాల్లోనే కవర్ అడిగింది. ఆ తర్వాత పడవలో సగం మంది అడిగారు. పడవ కుర్రాడు ముందుగానే కవర్ల కట్ట పట్టుకుని నిలబడ్డాడు, అదే వాడి డ్యూటీలా. వాంతి మాత్ర గంట ముందు వేసుకోండి, వెనక వరుసలో కూర్చోండి. ముందు వరుసలో కూర్చుంటే నాన్నగారి నడుం పని అయిపోయినట్టే.

రాళ్ల_మాస్టారు

అమ్మా శ్రావణీ, ముప్పై ఏళ్లు కాలేజీలో జియాలజీ చెప్పినవాణ్ని. ఆ ద్వీపాలకి వెళ్లలేదు, కానీ వాటి రాళ్ల గురించి చదివినంత మా ఊరి గురించి కూడా చదివి ఉండను. ఏ ద్వీపాలు చూడాలని అడిగావు. అది తేలాలంటే అవి ఎలా పుట్టాయో కొంచెం తెలియాలి.

భూమి లోపల ఒకచోట వేడి పైకి తన్నుకుంటూ వస్తోంది. దాన్ని హాట్‌స్పాట్ అంటాం. అది దాదాపుగా ఉన్నచోటే ఉంటుంది. దాని పైనున్న నాజ్కా ఫలకం, అంటే భూమి పైపెంకులో ఒక పెద్ద ముక్క, మాత్రం ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున తూర్పుకి జరుగుతోంది. వెలుగుతున్న దీపం మీదుగా అట్టముక్కని మెల్లగా జరుపుకుంటూ పోతే మసి మచ్చలు వరుసగా పడతాయి చూడు, అలా పుట్టాయి ఈ ద్వీపాలు. అందుకే తూర్పున ఉన్న ఎస్పన్యోలా, సాన్ క్రిస్టోబల్ ముసలివి, ముప్పై లక్షల ఏళ్ల పైమాట. అరిగి, చదునైపోయి ఉంటాయి. పడమటి కొసన ఉన్న ఫెర్నాండినా, ఇజబెలా కుర్రవి, ఇంకా రగులుతున్నాయి. ఇజబెలాలో సియెర్రా నెగ్రా 2018లో, వుల్ఫ్ 2022లో, ఫెర్నాండినా 2024 మార్చిలో పేలాయి. 1968లో అయితే ఫెర్నాండినా కొండ నోట్లోని నేల 300 మీటర్లకు పైగా లోపలికి కుంగిపోయింది.

ఇజబెలా ఒక్కటే మిగతావన్నీ కలిపినదానికన్నా పెద్దది. ఆరు అగ్నిపర్వతాలు ఒకదానికొకటి అతుక్కుని ఒక ద్వీపమైంది. మ్యాప్‌లో సముద్రపు గుర్రం (సీహార్స్ అనే చేప) ఆకారంలో కనిపిస్తుంది. భూమధ్యరేఖ సరిగ్గా వుల్ఫ్ కొండ మీదుగా పోతుంది. నేనైతే ఎనిమిది రోజులకి ఒక ముసలి ద్వీపం, ఒక కుర్ర ద్వీపం చూసి వచ్చేస్తాను. మధ్యలో అన్నీ ముట్టుకుని రావాలని చూస్తే పడవలే గుర్తుంటాయి.

మన దగ్గరా హాట్‌స్పాట్ గుర్తులున్నాయి. దక్కను నల్లరాయి, అంటే వికారాబాద్, తాండూరు వైపు కనిపించేది, ఆరున్నర కోట్ల ఏళ్ల నాడు ఇలాంటి వేడి మీదుగా మన ఫలకం దాటినప్పుడు పారిన లావానే. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లోనూ ఉంది. ఆ హాట్‌స్పాట్ ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం కింద ఉంది. పిల్లాడికి వెళ్లేముందు మన రాయి ముక్క ఒకటి చూపిస్తే అక్కడ బుడగల లావా చూసినప్పుడు తేడా తనే చెబుతాడు.

పిట్టలదొర

మాస్టారూ, రాళ్లు బాగున్నాయి గానీ వాళ్లు వెళ్లేది ప్రాణుల కోసం 🙂

రాళ్లకీ ప్రాణులకీ ముడి ఉందిలెండి. పెరూ వైపు నుంచి హంబోల్ట్ అనే చల్లటి ప్రవాహం వస్తుంది. అది కాక సముద్రం అడుగున పడమటి నుంచి క్రామ్‌వెల్ ప్రవాహం వచ్చి ఇజబెలా, ఫెర్నాండినాల గోడకి కొట్టుకుని పైకి లేస్తుంది. చల్లటి నీళ్లు, దండిగా చేపలు. అందుకే భూమధ్యరేఖ దగ్గర పెంగ్విన్లు బతుకుతున్నాయి. ఎగరడం మానేసిన నీటికాకి కూడా ఆ రెండు ద్వీపాల తీరంలోనే. మన చెరువుల్లో నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకోవడం చూసే ఉంటారు. అదీ అలాగే చాస్తుంది, కాకపోతే చాచడానికి అక్కడ రెక్కలనేవి లేవు, చిరిగిన గొడుగు ముక్కల్లాంటివి రెండు. పాత అలవాటు పోలేదు పాపం.

ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షిని చూడాలంటే మాత్రం ఎస్పన్యోలా వెళ్లాలి. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఉంటాయి, జూన్ మీకు కలిసొస్తుంది. నీలి కాళ్ల బూబీలు చాలాచోట్ల కనిపిస్తాయి. మగది ఆడదాని ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఎత్తి చూపిస్తుంది, "చూడు, నా కాళ్లు ఎంత నీలమో" అన్నట్టు. బాగా తిన్న పక్షికే కాళ్లు అంత నీలంగా ఉంటాయి, అదీ అందులో కిటుకు.

ఇంకో మాట. గాలాపగోస్ అనగానే అందరూ డార్విన్, ఆయన చూసిన ఫించ్‌లనే చిన్న పిట్టలు అంటారు. 1835లో ఆయన అక్కడున్నది ఐదు వారాలే. ఫించ్‌లని ఏ ద్వీపంలో పట్టాడో సరిగా రాసుకోనేలేదు. జాతులు మారతాయేమోనని ఆయనకి మొదట అనుమానం పుట్టించింది మాకింగ్‌బర్డ్‌లు, ఒక్కో ద్వీపంలో ఒక్కో రకం. ఫించ్‌ల సంగతి తేల్చింది లండన్‌లో పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్. ఇక ఆ ఫించ్‌ల ముక్కుల లెక్క నిజంగా తీసింది గ్రాంట్ దంపతులు అనే శాస్త్రవేత్తలు. 1973 నుంచి నలభై ఏళ్లు డాఫ్నే మేజర్ అనే బోడిగుట్ట మీద ప్రతి పిట్టకీ ఉంగరం తొడిగి, ముక్కు కొలిచారు. 1977లో కరువొచ్చింది. చిన్న గింజలు అయిపోయి, పల్లేరులాంటి గట్టి కాయలే మిగిలాయి. పెద్ద ముక్కు పిట్టలు ఎక్కువ బతికాయి, తర్వాతి తరం పిల్లలకి సగటు ముక్కు పెరిగింది. పరిణామం అంటే లక్షల ఏళ్లు అని బడిలో చెప్పారు నాకు. రెండేళ్లలో కొలిచి చూపించారు వాళ్లు.

కరీంనగర్_కుర్రోడు

ఒక మాట అడుగుతా, ఎవరూ ఫీలవొద్దు. మనిషికి 200 డాలర్లు కట్టి, పడవలో వాంతులు చేసుకుంటూ పోయి, నల్ల గుట్టల మీద బల్లులు చూసుడేంది? ఆ దేశపోళ్లకేమో 30 డాలర్లే అంట. మనం ఏమన్నా తేరగా దొరికినమా?

ఖర్చుల_చిట్టా

తమ్ముడూ, తాజ్‌మహల్ దగ్గర మనకి 50 రూపాయలు, విదేశీయులకి 1100. అక్కడ మనం నోరు మెదపం, ఇక్కడ మాత్రం మండుతుంది. 1998 నుంచి 2024 దాకా ఆ రుసుము పెంచనేలేదు. ముప్పై వేల లోపు జనం ఉన్న ద్వీపాలకి ఏడాదికి మూడు లక్షల మంది టూరిస్టులు వస్తున్నారు. నీళ్లు, చెత్త, డ్రైనేజీ ఎవరు చూడాలి? అక్కడ కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే వాడాం.

బల్లులు అన్నావు కదా. సముద్రంలో ఈదే ఇగ్వానా ప్రపంచంలో అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. మన ఉడుమంత ఉంటుంది. నీళ్లలో మునిగి పాచి మేసి వచ్చి, బండ మీద ఒకదానిమీద ఒకటి పడి ఎండ కాగుతాయి. ఒంట్లో చేరిన ఉప్పుని ముక్కులోంచి ఫుస్సున చిమ్ముతాయి. ఆ ఉప్పు వాటి నెత్తిమీదే పడి తెల్లగా గడ్డకడుతుంది. మా చిన్నది "నాన్నా, వీటికి చుండ్రు" అంది.

రాళ్ల_మాస్టారు

ఆ ఇగ్వానా గురించి ఒక వింత. నేల ఇగ్వానాల నుంచి దాని వంశం విడిపోయిన కాలం లెక్కగడితే, ఇప్పుడు నీటిపైనున్న ద్వీపాలన్నిటికన్నా పాతదని తేలింది. మరి అప్పుడు ఎక్కడ బతికింది? ఇంకా తూర్పున ఒకప్పటి ద్వీపాలు ఉన్నాయి, ఇప్పుడు సముద్రంలో మునిగిపోయాయి. ఒక ద్వీపం మునిగేలోపు పక్కదానికి మారుతూ వచ్చాయన్నమాట. అద్దె ఇల్లు మారినట్టు.

ఎల్‌నినో ఏడాదిలో నీళ్లు వేడెక్కి పాచి చచ్చిపోతే ఇవి ఆకలికి సన్నబడటమే కాదు, పొడవు కూడా తగ్గుతాయి. ఎముకే కుదించుకుంటుంది. మేత దొరికితే మళ్లీ పెరుగుతాయి. వెన్నెముక ఉన్న జంతువు పెద్దయ్యాక పొట్టిదవడం నేను ఇంకెక్కడా వినలేదు.

కరీంనగర్_కుర్రోడు

సరే మాస్టారూ, బల్లి మాట వాపసు తీసుకుంటున్నా. కానీ మూడు లక్షల మంది పోయి ఆ జాగను ఖరాబు చేస్తున్నరు కదా, అది మాత్రం తప్పే. పోకుండా ఇంట్ల కూసొని వీడియో చూస్తే సరిపోదా?

మొక్కల_మంగ

ఈ ప్రశ్న న్యాయమైనదే. 2007లో యునెస్కో ఈ ద్వీపాలని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది, 2010లో తీసేసింది. అయితే టూరిస్టు కాళ్లకన్నా టూరిస్టు వెనకాల వచ్చే సరుకే ఎక్కువ చెరుపు. విమానాల్లో, సరుకు ఓడల్లో విత్తనాలు, చీమలు, ఈగలు వస్తాయి. ఫిలోర్నిస్ అనే ఈగ ఒకటి అలా చేరింది. దాని పురుగులు గూటిలోని పిట్ట పిల్లల రక్తం పీలుస్తాయి. పిట్టలదొర గారి ఫించ్‌లకి ఇప్పుడు అదే పెద్ద శత్రువు.

మొక్కల్లో మాత్రం మనవాళ్లూ ఉన్నారు! మైసూరు రాస్ప్‌బెర్రీ అనే ముళ్లపొద ఉంది. పుట్టినిల్లు మన ఆసియా కొండలు. పండు కోసం ఎవరో నాటారు, ఇప్పుడు సాంతా క్రూజ్ ఎగువ అడవుల్లో మనిషెత్తున అల్లుకుని ఇంకే మొక్కనీ మొలకెత్తనివ్వడం లేదు. జామ కూడా అంతే. మనకి పెరట్లో ముద్దు, వాళ్లకి అడవిలో పీడ.

ఆ ముళ్లపొద మింగేస్తున్నది దేన్నో తెలుసా? స్కలీజియా అడవిని. స్కలీజియా అంటే చామంతి కుటుంబపు మొక్క. పోటీకి పెద్ద చెట్లు లేకపోయేసరికి చామంతి కాస్తా పదిహేను మీటర్ల చెట్టయి కూర్చుంది. శ్రావణి గారూ, సాంతా క్రూజ్‌లో లోస్ హెమెలోస్ అనే గోతుల దగ్గర రోడ్డు పక్కనే ఉంటుంది. నాన్నగారు ఎక్కువ నడవక్కర్లేదు. తప్పకుండా చూడండి.

శ్రావణి_ఎడిసన్

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, చాలా థాంక్స్. మంగ గారూ, మీ పోస్ట్ చదివాక ఒక అనుమానం. నాన్నగారి కోసం చిన్న రైస్ కుక్కర్, బియ్యం, పోపుల పెట్టె పట్టుకెళ్దాం అనుకున్నా. పర్వాలేదా?

ఖర్చుల_చిట్టా

అయ్యో, పోపుల పెట్టె జోలికి పోకండి! నాదీ అదే కథ.

ఈక్వడార్ రాజధాని కీటోలో గాలాపగోస్ విమానానికి చెక్-ఇన్ కన్నా ముందు బ్యాగులు స్కాన్ చేసే బల్ల ఒకటి ఉంటుంది. మా అమ్మ ఇచ్చిన స్టీలు పోపుల డబ్బా స్కానర్‌లో గుండ్రంగా కనిపించింది. తెరిచారు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియాలు, మినప్పప్పు. ఆ అమ్మాయి చేతికి గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్క గిన్నె చూసి, మా ఆవిడ వైపు చూసి, "సెమియాస్" అంది. గింజలు అని. ధనియాలు, ఆవాలు, మెంతులు తడి తగిలితే మొలకెత్తేవే కదా మరి. అన్నీ చెత్త డబ్బాలోకి వంపి, ఖాళీ డబ్బా తుడిచి వెనక్కి ఇచ్చింది. పసుపు, కారం పొడి వదిలేసింది. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు, ఆ అమ్మాయితో కాదు, నాతో.

తర్వాత బ్యాగులకి సీలు వేస్తారు. విమానం దిగేముందు పై అరలు తెరిచి మందు కొడతారు. గాలాపగోస్ విమానాశ్రయం ఉన్న బాల్ట్రా ద్వీపంలో దిగాక బూట్లు తుడుచుకునే పట్టా ఉంటుంది.

తిండికి ఇబ్బంది లేదు. అన్నం ప్రతిచోటా ఉంటుంది. మెనెస్ట్రా అని చిక్కుడు గింజలతోనో పెసలలాంటి పప్పుతోనో చేసే కూర ఉంటుంది, మన ముద్దపప్పుకి దూరపు చుట్టం. పచ్చి అరటికాయని నొక్కి వేయించిన పటకోన్లు ఉంటాయి. "మాంసం వద్దు, చేప వద్దు, కోడి వద్దు" అని మూడూ విడివిడిగా చెప్పాలి. మాంసం వద్దంటే కోడి పెడతారు. పొట్లం కట్టిన కారప్పొడి తీసుకెళ్తే చాలు.

అండమాన్_అప్పారావు

పోర్ట్‌బ్లెయిర్ నుంచి అప్పారావు. (శ్రీవిజయపురం అనాలట, ఇంకా నోరు తిరగలేదు.) మా తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చాడు, ఇక్కడ మన తెలుగోళ్లు బోలెడుమంది.

మీరు అగ్నిపర్వత ద్వీపాలంటుంటే మా బారెన్ గుర్తొచ్చింది. ఇండియాలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. ఇక్కడికి నూట నలభై కిలోమీటర్లు. దిగనివ్వరు, పడవలోంచి చూడాల్సిందే. మనుషుల్లేరు గానీ మేకలున్నాయి! ఎప్పుడో ఓడలవాళ్లు వదిలినవి. బూడిద రాలే కొండ మీద మేకలు, ఏం తిని బతుకుతాయో. ఇంకాస్త పైన నార్కొండం ఉంది, ఏడు చదరపు కిలోమీటర్ల ద్వీపం. అక్కడి హార్న్‌బిల్ పక్షి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కాబట్టి గాలాపగోస్ లాంటివి మనకీ చిన్న సైజులో ఉన్నాయని చెప్తున్నా.

పిట్టలదొర

అప్పారావు గారూ, మేకల మాట ఎత్తారు కాబట్టి చెబుతా. గాలాపగోస్‌లో మేకలు పెద్ద కథ.

1959లో పింటా ద్వీపం మీద మత్స్యకారులు మూడు మేకల్ని వదిలారు, తర్వాత మాంసానికి పనికొస్తాయని. 1970ల నాటికి అవి వేలకు వేలు. ద్వీపం గొరిగినట్టయింది. అప్పటికే తిమింగలాల వేటగాళ్లు తాబేళ్లని లక్షకు పైగా ఓడల్లోకి ఎక్కించుకుపోయారు, ఎందుకంటే ఓడ అడుగున తిండి, నీళ్లు లేకుండా నెలల తరబడి బతికి ఉంటాయి. సజీవమైన సరుకన్నమాట. పింటా తాబేళ్లు అంతరించాయనే అనుకున్నారు. 1971లో నత్తల కోసం వెళ్లిన శాస్త్రవేత్తకి ఒక మగ తాబేలు కనిపించింది. ఒక్కటే. అదే లోన్సమ్ జార్జ్. నలభై ఏళ్లు జోడు వెతికారు, దొరకలేదు. 2012 జూన్ 24న చచ్చిపోయింది.

ఇజబెలా ఉత్తరభాగంలో, సాంటియాగోలో కలిపి 1997 నుంచి 2006 లోపు దాదాపు లక్షన్నర మేకల్ని చంపారు, నేల మీద వేటాడీ, హెలికాప్టర్లలోంచి కాల్చీ. చివరి కొన్ని దొరకవు కదా, గుహల్లో దాక్కుంటాయి. అందుకని ఒక మేకకి రేడియో కాలర్ కట్టి వదిలేవాళ్లు. మేక ఒంటరిగా ఉండలేదు, వెతుక్కుంటూ పోయి మందలో కలుస్తుంది. సిగ్నల్ పట్టుకుని వెళ్లి దాన్ని వదిలేసి మిగతావాటిని కాల్చేవాళ్లు. అది మళ్లీ ఇంకో మందని వెతుక్కుంటూ పోయేది. ఏసుక్రీస్తుని పట్టిచ్చిన శిష్యుడి పేరు మీద వాటికి జూడాస్ మేకలని పేరు. నాకు ఇది చదివిన రోజు అన్నం సహించలేదు. కానీ అల్సెడో కొండ మీద చెట్లు తిరిగొచ్చాయి, పొగమంచు నీరు ఆకుల మీంచి కారి కింద గుంటల్లో చేరుతోంది, తాబేళ్లు ఆ గుంటల్లో పడుకుంటున్నాయి. రెండూ నిజమే.

కరీంనగర్_కుర్రోడు

అన్నా, ఆ మేకకు తెలుసంటవా, తనవల్లనే పోతున్నయని?

పిట్టలదొర

తెలియకూడదనే కోరుకుంటా తమ్ముడూ.

వేదిక_నిర్వాహకుడు

ఒక ట్రావెల్ ఏజెన్సీ ప్రకటన పోస్ట్, దానికి వచ్చిన మూడు జవాబులు తొలగించాను. వీసా గురించి ప్రైవేటు మెసేజ్‌లు వస్తున్నాయి. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఈక్వడార్ నియమాలు మారుతూ ఉంటాయి, వాళ్ల ఎంబసీ సైట్‌లోనే చూసుకోండి, ఇక్కడ ఎవరో చెప్పారని టికెట్లు కొనకండి. చర్చ కొనసాగించండి.

ఖర్చుల_చిట్టా

శ్రావణి గారూ, మీకు నా ప్లాన్: క్రూజ్ వద్దు. పడవలోంచి రబ్బరు బోటులోకి, అందులోంచి తడి రాళ్ల మీదికి రోజుకి రెండుసార్లు దిగి ఎక్కాలి, ఆ మోకాళ్లకి కష్టం. సాంతా క్రూజ్‌లో నాలుగు, ఇజబెలాలో మూడు. బార్తొలొమే ద్వీపం ఫోటోల్లో బాగుంటుంది గానీ మూడొందలకు పైగా మెట్లున్నాయి. సియెర్రా నెగ్రా పదహారు కిలోమీటర్ల నడక, నాన్నగారిని హోటల్లో ఉంచి మీరు వెళ్లండి. సాంతా క్రూజ్ ఎగువన ఎల్ చాతో దగ్గర తాబేళ్లు గడ్డిలో వాటంతట అవి తిరుగుతుంటాయి, నేల చదును.

జూన్ చివర్లో చల్లగా ఉంటుంది. గరూవా అని సన్నటి తుంపర, మబ్బు. భూమధ్యరేఖ కదా అని స్వెట్టర్ మానకండి. స్నార్కెలింగ్‌కి వెట్‌సూట్ కావాలి.

రాళ్ల_మాస్టారు

నా ముసలి ద్వీపం సంగతి మరిచారు. పర్లేదు, ఇజబెలా ఉందిగా. అక్కడ వియామిల్ అనే ఊళ్లో తాబేళ్ల పెంపక కేంద్రం కూడా ఉంది. ఆ ద్వీపంలో ఐదు కొండలకి ఐదు రకాల తాబేళ్లు. మధ్యలో పారిన లావా దాటలేక ఎక్కడివక్కడే వేరుపడ్డాయి. గోడ కట్టుకుని విడిపోయిన అన్నదమ్ముల్లాగ.

శ్రావణి_ఎడిసన్ (జులై)

వెళ్లొచ్చాం! మాట ప్రకారం రాస్తున్నా.

ముందు నాన్నగారి సంగతి. సాంతా క్రూజ్‌లోని ప్వెర్తో అయోరా ఊరి జెట్టీ దగ్గర బెంచీ మీద కూర్చున్నారు, మోకాలికి బామ్ రాసుకుంటూ. నీళ్లలోంచి సీ లయన్ ఒకటి మెట్లెక్కి వచ్చింది, తడి కుక్క వాసన. తిన్నగా ఆయన బెంచీ దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన చూశారు, అది చూసింది. రెండు మీటర్ల దూరం పాటించాలని గైడ్ చెప్పాడు కానీ ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. నాన్నగారు లేచి నిలబడ్డారు. అది బెంచీ ఎక్కి, ఒళ్లు విరుచుకుని, పడుకుంది. బామ్ సీసా బెంచీ మీదే ఉండిపోయింది. గంటసేపు కాపలా కాశాం.

చేపల మార్కెట్ చూసి ఆయన ఎంత నవ్వారో. ఒకావిడ బండ మీద చేప కోస్తుంటే వెనకాల సీ లయన్, పక్కన వరుసగా గూడబాతులు, వీధి కుళాయి దగ్గర బిందెల్లాగ. ఆవిడ తలలు, తోకలు అటు విసురుతోంది. మమ్మల్ని చిన్నప్పుడు నేలపట్టు తీసుకెళ్లి బైనాక్యులర్‌లో గూడబాతుల్ని చూపించారు ఆయన. ఇక్కడ అది ఆయన చేతిసంచీలోకి తొంగిచూసింది.

బాబు: పెంపక కేంద్రంలో పిల్ల తాబేళ్ల డిప్పల మీద పెయింట్‌తో నంబర్లు ఉంటాయి. వాడు తన సాకర్ జెర్సీ నంబరు 14 కోసం ముప్పావుగంట వెతికాడు. దొరికింది, నీళ్ల పళ్లెంలో నిద్రపోతోంది. గుడ్లని ఎక్కువ వేడిలో పొదిగితే ఆడవి, తక్కువలో మగవి పుడతాయని గైడ్ చెప్పాడు. అప్పటి నుంచి ఇంట్లో ఏసీ ఎంతలో ఉందో చూసి నన్ను, "నేను పుట్టినప్పుడు ఎంత ఉంది?" అని అడుగుతున్నాడు.

ఎస్పన్యోలా తాబేళ్ల కథ కూడా విన్నాం. పన్నెండు ఆడవి, రెండు మగవి మిగిలితే, శాన్ డియాగో జూ నుంచి డియేగో అనే మూడోదాన్ని తెచ్చారట. దాదాపు రెండు వేల పిల్లలు తయారయ్యాక 2020లో మళ్లీ వాటి ద్వీపానికి పంపేశారు. పేరంతా డియేగోది. డీఎన్‌ఏ చూస్తే ఎక్కువ పిల్లలకి తండ్రి ఇంకో తాబేలు, దానికి పేరు కూడా లేదు, ఈ5 అనే నంబరే. మా వారు ఆఫీసులో తనదీ అదే పరిస్థితి అన్నారు.

పడవ: వెనక వరుస, మాత్ర, అన్నీ చేశాం. అయినా నాకు తప్పలేదు. నాన్నగారికి ఏమీ కాలేదు, పక్కనున్నవాళ్లకి కవర్లు అందించారు.

స్కలీజియా చూశాం మంగ గారూ, ఒంటినిండా నాచు వేలాడుతూ. చామంతి అంటే నాన్నగారు నమ్మలేదు. కింద రాలిన పువ్వు చూపించాక ఒప్పుకున్నారు.

పిట్టలదొర

బాగుంది! అక్కడే వుడ్‌పెకర్ ఫించ్ కనిపించిందా? పుల్ల ముక్కున పట్టుకుని బెరడులోంచి పురుగుల్ని లాగేది?

శ్రావణి_ఎడిసన్

ఏదో గోధుమ రంగు పిట్ట పుల్ల పట్టుకుని తిరిగింది, గూడు కట్టుకుంటోంది అనుకుని మేం ముందుకెళ్లిపోయాం. అదేనా?

పిట్టలదొర

ఫోటో ఉందని చెప్పండి. దయచేసి ఉందని చెప్పండి.

శ్రావణి_ఎడిసన్

మా బాబు తీశాడు. సగం వాడి వేలే ఉంది. పంపిస్తున్నా.